పట్టపగలు కూల్చేశారు!

ఓ పత్రికాఫీసు కాలిపోయింది. ఓ ఊరి పాలకవర్గం ఒక్క పూటలో మారిపోయింది. ప్రజలు ఎన్నుకున్నవాళ్లు రైలెక్కి పారిపోతే, తుపాకులు పట్టుకొచ్చినవాళ్లు కుర్చీలెక్కారు. ఇది జరిగింది ఏ నియంతల రాజ్యంలోనో కాదు... ప్రజాస్వామ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే అమెరికాలో!

అదో పాత ఫొటో. అందులో రెండంతస్తుల భవనం. పై అంతస్తు కాలి బొగ్గయింది. దాని ముందు తెల్లజాతి మగవాళ్లు గుంపుగా నిలబడ్డారు. కోట్లు, టోపీలు, చేతుల్లో తుపాకులు. అడవికెళ్లి పులిని కొట్టుకొచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగినంత దర్జాగా ఉన్నారు. ముఖాలకు ముసుగుల్లేవు. రేపు ఎవరైనా పట్టుకుంటారేమోనన్న భయం అసలే లేదు.

ఆ ఫొటో 1898 నవంబరు నాటిది. ఊరి పేరు విల్మింగ్టన్. అమెరికా తూర్పు తీరంలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో కేప్ ఫియర్ నది ఒడ్డున ఉంటుంది. అప్పట్లో ఆ రాష్ట్రంలో అదే అతిపెద్ద నగరం. కాలిన భవనం ‘డైలీ రికార్డ్’ అనే పత్రిక కార్యాలయం. దాని సంపాదకుడు అలెగ్జాండర్ మాన్లీ. నల్లజాతివాడు.

పత్రిక మీద కోపంతో ఆఫీసు తగలబెట్టారనుకుంటే పొరపాటే. ఆ మంట వెనక నెలల తరబడి సాగిన ఏర్పాటు ఉంది. అసలు గురి పత్రిక కాదు... ఓటు!

వచ్చినట్టే వచ్చి...

ఆ కథ అర్థం కావాలంటే ముప్ఫైమూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసింది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఓడిపోయాయి. దాదాపు నలభై లక్షలమంది నల్లవారికి సంకెళ్లు తెగాయి. రాజ్యాంగానికి వరసగా మూడు సవరణలు వచ్చాయి. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ పౌరసత్వం ఇచ్చింది. 1870లో 15వ సవరణ, జాతినీ రంగునీ చూపించి ఓటు కాదనకూడదంది. ఆ కాలానికి ‘పునర్నిర్మాణం’ అని పేరు. నిన్నటిదాకా సంతలో అమ్ముడుపోయిన మనుషులు శాసనసభల్లో కూర్చున్నారు. మిసిసిపీ నుంచి ఇద్దరు నల్లవారు ఏకంగా సెనేట్‌కే వెళ్లారు.

ఆ వెలుగు పన్నెండేళ్లే. 1876 అధ్యక్ష ఎన్నిక వివాదంలో పడింది. ఉత్తరాది, దక్షిణాది నేతలు తెరవెనక రాజీపడ్డారు. రిపబ్లికన్ హేస్ అధ్యక్షుడయ్యాడు. బదులుగా 1877లో దక్షిణాదిలో మిగిలిన కేంద్ర సైన్యం బారక్‌లకు వెళ్లిపోయింది. నల్లవారికి కాపలా పోయింది. ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ! హోటళ్లలో, రైళ్లలో అందరికీ సమాన ప్రవేశం ఉండాలన్న 1875 నాటి చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటుకు పన్నూ పరీక్షా పెట్టింది. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు ‘వేరుగా ఉంచినా సమానమే’ అని తేల్చింది. ఊరికో చెట్టు ఉరికొయ్యగా మారింది. నల్లజాతి చరిత్రకారుడు రేఫర్డ్ లోగన్ 1954లో రాసిన పుస్తకంలో, 1877 నుంచి 1901 దాకా సాగిన ఆ కాలాన్ని తన జాతి జీవితంలో అట్టడుగు దశగా లెక్కగట్టాడు.

ఇక్కడే ఓ ప్రశ్న. పరిస్థితులు వాటంతటవే దిగజారాయా? ఎవరైనా దిగజార్చారా? దానికి జవాబు విల్మింగ్టన్‌లో దొరుకుతుంది.

పేదోళ్ల పొత్తు

ముందుగా ఓ మాట. అప్పటి పార్టీలను ఇప్పటి కళ్లతో చూడకూడదు. రిపబ్లికన్లంటే లింకన్ పార్టీ. నల్లవారి ఓట్లు దానికే. దక్షిణాదిలో డెమోక్రటిక్ పార్టీ అప్పట్లో తెల్లజాతి ఆధిపత్యానికి కంచుకోట. ఈ వరస తారుమారవడానికి మరో అరవై డెబ్భై ఏళ్లు పట్టింది.

1890ల్లో పత్తి ధర పడిపోయింది. అప్పులవాళ్ల చేతుల్లో చిక్కుకున్న తెల్లజాతి చిన్నరైతులు డెమోక్రాట్ల మీద విసిగిపోయి పాపులిస్టు పార్టీలోకి వెళ్లారు. నార్త్ కరోలినాలో ఆ పార్టీ రిపబ్లికన్లతో పొత్తు పెట్టుకుంది. అంటే, పేద తెల్లరైతూ నల్లకూలీ ఒకే కూటమికి ఓటేశారన్నమాట! 1894లో శాసనసభ ఆ కూటమి చేతికొచ్చింది. 1896లో దాని మద్దతుతో డేనియల్ రసెల్ గవర్నరయ్యాడు. అదే ఏడాది జార్జి హెన్రీ వైట్ అనే నల్లజాతి లాయరు కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

విల్మింగ్టన్ అయితే మరీ ప్రత్యేకం. ఊరి జనాభాలో సగానికి పైగా నల్లవారే. వాళ్లలో తాపీమేస్త్రులూ వడ్రంగులూ ఉన్నారు, లాయర్లూ వ్యాపారులూ ఉన్నారు. రేవులో సుంకాల వసూలు అధికారి జాన్ డాన్సీ నల్లవాడు. ఆయన జీతం రాష్ట్ర గవర్నరు జీతంకన్నా ఎక్కువ! అలాగని ఊరంతా నల్లవారి చేతుల్లో ఉందా అంటే అదీ లేదు. మేయరు తెల్లవాడు, పోలీసు అధిపతి తెల్లవాడు. పదిమంది నగరసభ సభ్యుల్లో నల్లవారు ముగ్గురే.

ఆ ముగ్గురే కంట్లో నలుసయ్యారు.

రాసేవాళ్లు కావాలి

1898 నవంబరులో రాష్ట్ర ఎన్నికలు. డెమోక్రటిక్ పార్టీకి రాష్ట్ర సారథి ఫర్నిఫోల్డ్ సిమన్స్. ధరల గురించో అప్పుల గురించో మాట్లాడితే పేద తెల్లవాడు మళ్లీ కూటమికే ఓటేస్తాడని అతనికి తెలుసు. పొత్తును విడగొట్టాలంటే వాళ్ల మధ్య రంగు గీత గీయాలి. దానికి మూడు రకాల మనుషులు కావాలన్నాడట... రాయగలిగేవాళ్లు, మాట్లాడగలిగేవాళ్లు, గుర్రమెక్కగలిగేవాళ్లు.

రాసేవాడు జోసెఫస్ డేనియల్స్. రాజధాని రాలీలో ‘న్యూస్ అండ్ అబ్జర్వర్’ పత్రిక సంపాదకుడు. రోజూ మొదటి పేజీలో నల్లవారి అఘాయిత్యాల కథనాలు. చదవడం రానివాళ్ల కోసం కార్టూన్లు. సెప్టెంబరు 27న వేసిన ఒక కార్టూన్లో గబ్బిలం రెక్కలతో ఓ భూతం, దాని గోళ్ల కింద తెల్ల ఆడవాళ్లు. రెక్కల మీద ‘నీగ్రో పాలన’ అని అక్షరాలు. ఆ కార్టూన్లకు అక్షరం ముక్క రానివాడు కూడా ఊగిపోయేవాడు. ఆ పత్రిక ప్రతులను పార్టీ ఊరూరా పంచిపెట్టింది. చాలా ఏళ్లకు డేనియల్స్ తన జ్ఞాపకాలు రాసుకుంటూ, అప్పట్లో వచ్చిన కథనాలను పెద్దగా జల్లెడ పట్టలేదని తనే ఒప్పుకున్నాడు.

మాట్లాడేవాడు ఆల్ఫ్రెడ్ మూర్ వాడెల్. అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన మాజీ అధికారి, పదవి పోయిన కాంగ్రెస్ సభ్యుడు. అక్టోబరు 24న విల్మింగ్టన్‌లోని థేలియన్ హాల్లో ప్రసంగిస్తూ, అవసరమైతే కేప్ ఫియర్ నదిని శవాలతో నింపడానికైనా సిద్ధమన్నాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఇక గుర్రాలెక్కేవాళ్లు... ఎర్రచొక్కాల దండు. తుపాకులు భుజాన వేసుకుని నల్లవారి పేటల్లో తిరిగేవారు. ఓటేయడానికి వస్తే ఏమవుతుందో ఆ తిరగడంలోనే తెలిసిపోయేది.

ఒకే ఒక్క సంపాదకీయం

అందరూ ఒకవైపే రాస్తుంటే అలెగ్జాండర్ మాన్లీ రెండోవైపు రాశాడు.

మాన్లీకి అప్పటికి ముప్ఫై రెండేళ్లు. మేని రంగు ఎంత తెలుపంటే, చెబితే తప్ప నల్లజాతివాడని తెలియదు. ఆ రాష్ట్ర మాజీ గవర్నరు వంశంలో, ఓ బానిస స్త్రీ సంతతికి పుట్టినవాడని చెబుతారు. తమ్ముళ్లతో కలిసి పత్రిక నడిపేవాడు. నల్లవారి పేటల్లో రోడ్లు బాగుచేయాలనీ ఆసుపత్రిలో వసతులు పెంచాలనీ రాసేవాడు. అతని అచ్చుయంత్రం కూడా ఊళ్లోని తెల్లవారి పత్రిక సంపాదకుడి దగ్గర కొన్న పాతదే!

జార్జియాకు చెందిన రెబెకా ఫెల్టన్ అనే ఆవిడ 1897లో ఓ ప్రసంగం చేసింది. తెల్లజాతి ఆడవాళ్ల మానం కాపాడాలంటే అవసరమైతే వారానికి వెయ్యిమందినైనా చెట్లకు వేలాడదీయాలని అందులో పిలుపునిచ్చింది. 1898 ఆగస్టులో ఆ ప్రసంగాన్ని విల్మింగ్టన్ పత్రిక మళ్లీ అచ్చేసింది. ఆగస్టు 18న డైలీ రికార్డ్ జవాబిచ్చింది. బలాత్కారంగా చెబుతున్న సంబంధాల్లో కొన్ని ఇద్దరి ఇష్టంతో నడిచినవేననీ, నల్లజాతి ఆడవాళ్లను తరతరాలుగా చెరిచిన తెల్లవారికి నీతులు చెప్పే అర్హత లేదనీ దాని సారాంశం. అది రాసిన మాన్లీ వంశకథే ఆ మాటకు సాక్ష్యం.

డెమోక్రాట్లకు కావలసింది దొరికింది. ఆ సంపాదకీయాన్ని ఎన్నికల దాకా పదేపదే అచ్చేశారు. ఆగస్టులో రాసినదానికి కోపమైతే ఆగస్టులోనే రావాలి కదా? నిజానికి కొందరు అప్పుడే పత్రికాఫీసు మీద పడబోయారు. పార్టీ పెద్దలే ఆపారు. నవంబరు దాకా ఆ కోపం ఆరకూడదు మరి!

ఆ గురువారం

నవంబరు 8న ఎన్నిక. భయపెట్టి, పెట్టెలు మార్చి డెమోక్రాట్లు రాష్ట్రమంతా గెలిచారు. అయినా విల్మింగ్టన్ నగరసభ మిగిలిపోయింది. దాని ఎన్నిక ఆ రోజు లేదు. మరుసటి ఏడాది దాకా ఆగాలి. అంత ఓపిక ఎవరికుంది?

నవంబరు 9న కోర్టు భవనంలో తెల్లవారి సభ జరిగింది. ఇకపై నల్లవారి పాలన కింద ఉండబోమంటూ వాడెల్ ఓ ప్రకటన చదివాడు. నాలుగు వందల పైచిలుకు మంది సంతకాలు పెట్టారు. ఊళ్లోని నల్లజాతి పెద్దలను పిలిపించి, పత్రిక మూసేసి మాన్లీ ఊరు విడిచిపోవాలన్నారు. జవాబుకు గడువు మర్నాడు పొద్దున ఏడున్నర. భయపడుతూనే పెద్దలు మెత్తగా జవాబు రాశారు. దాన్ని తీసుకెళ్లాల్సిన యువ లాయరు, తుపాకుల మధ్య నుంచి వాడెల్ ఇంటిదాకా వెళ్లే ధైర్యం చాలక పోస్టులో వేశాడు. గడువు దాటింది. అప్పటికే మాన్లీ ఊళ్లో లేడు. తెల్లగా ఉన్న ఆ మేని రంగే అతన్ని కాపలాలు దాటించింది.

నవంబరు 10, గురువారం. పొద్దున ఎనిమిదింటికి ఆయుధాగారం దగ్గర వందలమంది పోగయ్యారు. వాడెల్ ముందు నడిచాడు. దారిలో గుంపు పెరుగుతూ పోయింది. తలుపులు విరగ్గొట్టారు. అచ్చుయంత్రం ముక్కలైంది. నిప్పు అంటుకుంది. కాసేపటికి నల్లవారుండే బ్రూక్లిన్ పేటలో కాల్పులు మొదలయ్యాయి. శాంతిభద్రతల పేరుతో సైనిక దళం దిగింది. దాని వెంట వ్యాపారులు ముందే చందాలేసుకుని కొన్న యంత్ర తుపాకి, గుర్రపు బండి మీద. ఆ తుపాకులు తిరిగింది నల్లవారి వైపే. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఊరి బయట చిత్తడి అడవుల్లోకీ, పైన్ ఫారెస్ట్ శ్మశానంలోకీ పరుగెత్తారు. నవంబరు చలిలో రాత్రుళ్లు అక్కడే.

ఎంతమంది పోయారో ఎవరూ లెక్క రాయలేదు. పద్నాలుగు నుంచి వందల దాకా రకరకాల అంచనాలున్నాయి. అరవై దాకా ఉండొచ్చన్నది చాలామంది చెప్పే మాట.

అదే మధ్యాహ్నం నగరసభలో మరో దృశ్యం. తుపాకుల నీడలో మేయరూ సభ్యులూ ఒక్కొక్కరే రాజీనామా చేశారు. ఒకరు లేవగానే వాళ్ల వారిలో ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతా పద్ధతి ప్రకారం! సాయంత్రానికి వాడెల్ మేయరు. పేరున్న నల్లజాతి వ్యాపారులనూ, వాళ్లతో పొత్తు పెట్టుకున్న తెల్లజాతి నాయకులనూ తుపాకులు చూపించి రైలెక్కించారు.

మూడు రోజుల తర్వాత ఓ నల్లజాతి స్త్రీ అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. కాపాడమని వేడుకుంది. పేరు రాస్తే బతకనివ్వరని సంతకం పెట్టలేదు. మెకిన్లీ సైన్యాన్ని పంపలేదు. ఒక్కరికీ శిక్ష పడలేదు. రెండు వేలకు పైగా నల్లవారు ఊరొదిలిపోయారని అంచనా. 1900 జనాభా లెక్కల నాటికి విల్మింగ్టన్‌లో తెల్లవారి సంఖ్యే ఎక్కువ.

తాత ఓటు

తుపాకీతో సాధించినదాన్ని నిలబెట్టుకోవాలంటే చట్టం కావాలి. 1900లో నార్త్ కరోలినా తన రాజ్యాంగాన్ని సవరించుకుంది. ఓటు కావాలంటే పన్ను కట్టాలి, రాజ్యాంగంలో ఏ భాగమిచ్చినా చదివి రాయాలి. మరి చదువురాని తెల్లవాళ్ల మాటేమిటి? వాళ్లకో కిటికీ తెరిచారు. 1867 జనవరి 1 నాటికి నీకో నీ తాతకో ఓటు హక్కుంటే పరీక్ష అక్కర్లేదు! ఆ తేదీ నాటికి నల్లవారికి ఓటే లేదు. చట్టంలో ఎక్కడా ‘నల్లవారు’ అన్న మాట రాయలేదు. రాయాల్సిన అవసరమే రాలేదు.

ఇలాంటి ఎత్తే లూసియానాలో రెండేళ్ల ముందు వేశారు. ఫలితం... 1896లో అక్కడ నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334. 1900 నాటికి 5,320!

కాంగ్రెస్‌లో ఒంటరిగా మిగిలిన జార్జి వైట్, మూకలు మనుషుల్ని చంపడాన్ని కేంద్ర నేరంగా ప్రకటించాలంటూ 1900 జనవరిలో బిల్లు పెట్టాడు. కమిటీ గడప దాటలేదు. 1901లో అతను సభ నుంచి వెళ్లిపోయాక 1929 దాకా అమెరికన్ కాంగ్రెస్‌లో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడు. నార్త్ కరోలినా నుంచి మళ్లీ ఒకరు రావడానికి 1992 దాకా ఆగాల్సొచ్చింది. మూకహత్యలకు వ్యతిరేకంగా కేంద్ర చట్టం ఎప్పుడొచ్చిందనుకుంటున్నారు? 2022లో!

సిమన్స్ మాత్రం ముప్ఫై ఏళ్లు సెనేటర్‌గా ఉన్నాడు. డేనియల్స్ అధ్యక్షుడు విల్సన్ హయాంలో నౌకాదళ మంత్రయ్యాడు. వెయ్యిమందిని వేలాడదీయాలన్న ఫెల్టన్ 1922లో అమెరికా మొట్టమొదటి మహిళా సెనేటర్‌గా ఒకే ఒక్క రోజు పనిచేసి చరిత్రకెక్కింది. మాన్లీ? ఫిలడెల్ఫియా చేరి ఇళ్లకు రంగులేసి బతికాడు. 1944లో కన్నుమూశాడు.

నూరేళ్లు దాటాక...

గెలిచినవాళ్లు కుర్చీలతోపాటు కథ చెప్పే హక్కూ తీసుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో అది ‘జాతి అల్లర్లు’. నల్లవారు తెగించారు, పెద్దమనుషులు చక్కదిద్దారు... అంతే. పార్కులకూ బడులకూ ఆ పెద్దమనుషుల పేర్లే పెట్టారు. విల్మింగ్టన్‌లో పెరిగిన పిల్లలకే అసలు సంగతి తెలియకుండా మూడు తరాలు గడిచిపోయాయి. నల్లవారి ఇళ్లలో మాత్రం అమ్మమ్మలు గొంతు తగ్గించి చెప్పేవాళ్లు.

2000లో రాష్ట్ర శాసనసభ ఓ విచారణ సంఘాన్ని వేసింది. అది 2006లో నివేదిక ఇచ్చింది. అవి అల్లర్లు కావు, ముందే పథకం వేసి జరిపిన కుట్ర, ఎన్నికైన పాలకవర్గాన్ని బలంతో కూల్చడం అని తేల్చింది. ఆ ఏడాది నవంబరులో ఓ విశేషం జరిగింది. నాడు గబ్బిలం బొమ్మ వేసిన న్యూస్ అండ్ అబ్జర్వర్, మరో పత్రికతో కలిసి 1898 కథ మొత్తాన్నీ ప్రత్యేక అనుబంధంగా ప్రచురించింది. అందులో తన పాత్ర ఏమిటో దాచకుండా చెప్పి క్షమాపణ కోరింది. మరుసటి ఏడాది రాష్ట్ర డెమోక్రటిక్ పార్టీ కూడా అదే పని చేసింది. 2020లో రాలీలో డేనియల్స్ విగ్రహాన్ని ఆయన కుటుంబమే దించేసింది.

ఆ రాలీ పక్కనే కేరీ, మోరిస్‌విల్. ఇవాళ అక్కడ తెలుగు కుటుంబాలు ఎన్నో. వారాంతం వస్తే ఐ-40 రహదారి మీద రెండు గంటలు ప్రయాణిస్తే విల్మింగ్టన్, దాన్ని ఆనుకునే రైట్స్‌విల్ బీచ్. ఆ సముద్రం చూసి వచ్చేవాళ్లకు ఈ చరిత్రతో సంబంధం లేదనిపించొచ్చు. కానీ ఉంది. విల్మింగ్టన్‌లో పోయిన ఓటు దక్షిణాదికి గట్టిగా తిరిగొచ్చింది 1965 ఆగస్టులో, ఓటుహక్కు చట్టంతో. అదే ఏడాది అక్టోబరులో, హక్కుల ఉద్యమం తెచ్చిన అదే గాలిలో, వలస చట్టమూ మారింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతి పోయింది. మన డాక్టర్లూ ఇంజినీర్లూ పెద్ద సంఖ్యలో విమానమెక్కగలిగింది ఆ తర్వాతే. నల్లవారు దెబ్బలు తిని తెరిపించిన తలుపు అది.

డైలీ రికార్డ్ సంచికలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. వాటిని వెతికి పట్టుకుని, అక్షరం అక్షరం చదివి భద్రపరిచిన పనిలో విల్మింగ్టన్ బడిపిల్లలూ ఉన్నారు. 2021లో పైన్ ఫారెస్ట్ శ్మశానంలో ఓ సమాధిని గుర్తించారు. పేరు లేదు, రాయి లేదు. 1898 నవంబరు 10న తూటాలకు బలైన జాషువా హాల్సీ అనే నల్లజాతి మనిషిది. ఆ నవంబరులో బంధువులూ ఊరివాళ్లూ చేరి, నూటఇరవై మూడేళ్లు ఆలస్యంగా అతనికి అంత్యక్రియలు జరిపించారు. ఇప్పుడా సమాధి మీద పేరుంది.